డ్రిల్లు మాస్టారి ఇరవై రెండు మీటర్లు

2025వ సంవత్సరం ఏప్రిల్ 26వ తేదీ, శనివారం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రి కురిసిన వాన తెల్లవారుజామున వెలిసింది. ఆకాశం ఇంకా మబ్బు పట్టే ఉంది. దక్షిణపు గాలి మెల్లగా వీస్తోంది. ఉష్ణోగ్రత అరవై నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్. అమెరికాలోని ప్లేనో నగరంలో మా ఇంటికి అర మైలు దూరాన ఉన్న క్రీడామైదానం పక్క నడకదారిలో, ఫోనులో మా ఆవిడతో మాట్లాడుతూ వెళుతున్న నన్ను కంచె అవతలి నుంచి ఒక కంఠం ఆపింది.

"ఆయ్, తెలుగువారేనాండి? కాస్త ఈ కొస పట్టుకుంటారా? మా కుర్రాళ్ళెవరూ ఇంకా లేవలేదండి."

పిలిచినవారికి డెబ్బై దాటి ఉంటాయి. తెల్లని కాన్వాసు బూట్లు, మడత నలగని ఖాకీ ప్యాంటు, మెడలో ఈల. చేతిలో ముళ్ళు వేసిన పొడవాటి నూలుతాడు; పచ్చిక మీద ఒక ఉక్కు టేపు. పేరు దైవాశీర్వాదం. ఊరు పాలకొల్లు దగ్గర. ముప్పై ఆరేళ్ళు నరసాపురంలో ఒక ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు. పదవీ విరమణ చేసిన నాలుగేళ్ళకు, భార్య వసంతకుమారి గారితో కలిసి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న కుమార్తె ప్రిస్సిల్లా వద్దకు వచ్చి స్థిరపడ్డారు. ఈ వివరాలన్నీ ఆయన తాడు సర్దుకుంటూనే, హాజరు పట్టీ చదివినట్లు, వరుసగా చెప్పారు.

ఆ మైదానం ప్లేనో కాటన్‌వుడ్స్ అనే వృత్తి రగ్బీ జట్టుది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి, ఎదుటివారిని తోసుకుంటూ పరుగెత్తే ఆట అది. 2021లో ఆ జట్టు ఏర్పడ్డ కొత్తల్లో మాస్టారు ఆట చూడవచ్చి, ఆట ముగిసేదాకా ఆగి, పక్కగీత ఎక్కడెక్కడ వంకర పోయిందో ఏడు చోట్ల వేలుపెట్టి చూపించారట. మరుసటి వారం నుంచి గీతలు గీసే పని ఆయనకే అప్పగించారు. ఆనాటి నుంచి ఇక్కడ జరిగే ప్రతి ఆటకూ ముందు ఆయన మైదానమంతా కొలిచి, రంగు చిమ్మే బండిని తోసుకుంటూ ఎదుటి గురుతు మీద చూపు నిలిపి నడిచేవారు. ఆ నడకలో కాలు తడబడగా చూసినవారు లేరు.

"ఇంత పొద్దున్నే ఈ కొలత ఎందుకండీ?" అని అడిగాను.

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారు. పోటీ నిర్వాహకులు మొన్న గురువారం జట్టుకు పంపిన లేఖ నకలు అది. పన్నెండు జట్లతో మొదలైన ఆ పోటీ జనాదరణ చాలక ఏడాదికొక జట్టు చొప్పున తరుగుతూ వస్తోంది. ఈ ఏడు సీజను ముగియగానే కాటన్‌వుడ్స్‌ను తొలగిస్తున్నామనీ, మే 17న ఇక్కడ జరగవలసిన చివరి ఆటను కూడా ఎదుటి జట్టు మైదానానికి మార్చే విషయం ఆలోచిస్తున్నామనీ అందులో ఉంది. కారణాలు మూడు చూపారు: ప్రేక్షకులు తక్కువ కావడం, యజమానులు వెనుకంజ వేయడం, మైదానం ప్రమాణాలకు తగినట్లు లేకపోవడం. మూడవ దానికి రుజువుగా, ఏప్రిల్ 12న జరిపిన తనిఖీలో ఇరవై రెండు మీటర్ల గీత ఇరవై రెండు సెంటీమీటర్లు తక్కువగా తేలిందని రాశారు. గోలు గీతకు ఇరవై రెండు మీటర్ల దూరంలో అడ్డంగా ఉండే ఆ గీతకు లోపల నిలిచి బంతిని తన్నారా, వెలుపల నిలిచి తన్నారా అన్నదాన్ని బట్టి ఆటలో తీర్పే మారిపోతుంది.

"మొదటి రెండూ పెద్దోళ్ళ గొడవండి, నాకు తెలవదు. మూడోది మట్టుకు నా చేతిపనండి," అన్నారు మాస్టారు.

నేను గోలు గీత మీద తాడు కొస నొక్కి పట్టుకున్నాను. ఆయన రెండవ కొసతో నడిచి వెళ్ళి తాడు బిగించారు. ఎర్రదారం చుట్టిన ముడి, రెండు వారాల నాటి వెలిసిన తెల్లగీత మీద సరిగ్గా కూర్చుంది.

"చూశారాండి! ఆ ఇన్‌స్పెక్టరుగారికి కళ్ళజోడు మార్చాలండి!" అని అక్కడి నుంచే కేకవేశారు. ఆ కేకలో పిల్లవాడు పందెం గెలిచిన సంతోషం ఉంది.

పిమ్మట ఉక్కు టేపు పరిచాము. గీత దగ్గర ఇరవై ఒకటీ డెబ్బై ఎనిమిది అని చూపింది. మరి రెండుసార్లు పరిచాము; టేపు మాట మార్చలేదు. మాస్టారు వంగినవారు వంగినట్లే తాడును రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు. వేళ్ళు తడిసాయి.

తొమ్మిది గంటలకు మబ్బు విడి ఎండ కాసింది. ఆయన్ను తీసుకువెళ్ళడానికి వచ్చిన ప్రిస్సిల్లా ఇంకా కారు దిగుతూ ఉండగానే, వేడిగా ఉన్న ఇంజను రేకు మీద ఆయన తాడును వరుసలు వరుసలుగా ఆరబెట్టారు.

"డాడీ! నా కార్ మీద దండెం కట్టావా? మమ్మీ నాలుగుసార్లు కాల్ చేసింది, ఇడ్లీ చల్లారిపోయిందంట!"

"చల్లారనీయమ్మా. ఇది ఆరనీ."

పదకొండు గంటలకు తాడు పొడిగా ఆరింది. మళ్ళీ పట్టుకున్నాము. ఎర్రముడి ఈసారి గీతను దాటి జానెడు అవతలికి వెళ్ళి నిలిచింది.

"మా స్కూలు పోటీలన్నీ డిసెంబరు, జనవరిల్లోనండి, ఎండ కాసే రోజుల్లో. నేను తడి గడ్డి మీద ఎప్పుడు కొలిచాను కనక? ఇక్కడ మొన్నటిదాకా ఆటలన్నీ పొడిరోజుల్లోనే వచ్చాయి. పన్నెండో తారీకున మాత్రం వాన," అన్నారు మాస్టారు. తరువాత, తాడు చుడుతూ, "తడిస్తే నూలు కుంచించుకుపోద్దండి. తాడుదేం తప్పు లేదు. కొలిచింది నేను," అన్నారు.

సోమవారం నాడు ఆయన నన్ను సాక్షిగా వెంటబెట్టుకొని జట్టు కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి వ్యవహారాలు చూసే నీల్‌కు ముప్పై ఒకటో ఏడు. తల్లిదండ్రులు గుంటూరువారైనా పుట్టిందీ పెరిగిందీ ప్లేనోలోనే.

"అంకుల్, మీరు కూర్చో."

"‘మీరు’ అన్నాక ‘కూర్చోండి’ అనాలోయ్. నాలుగేళ్ళయింది చెప్పబట్టి."

"సారీ అంకుల్, కూర్చోండి." మాస్టారు రాసి తెచ్చిన లేఖను నీల్ చదివి బల్ల మీద పెట్టాడు. "కానీ ఈ లెటర్ పంపకు... పంపకండి. లిజన్. లాస్ట్ మ్యాచ్ గురించి లీగ్ వాళ్ళు ఇంకా డిసైడ్ చెయ్యలేదు. మనం సైలెంట్‌గా ఉంటే మర్చిపోతారు. మ్యాచ్ ఇక్కడే అయిపోతుంది. మీరు ‘నిజమే, తప్పు నాది’ అని రాస్తే వాళ్ళు మళ్ళీ టేప్ తీసుకుని వస్తారు!"

"రావాలనే కదటోయ్ రాసింది."

"ఫెయిల్ అయితే? బాయ్స్‌కి ఇంకొక్క హోమ్ మ్యాచే ఉంది, అంకుల్. అది కూడా పోతుంది."

"ఫెయిల్ అవదు."

"టీమే పోయింది! ఓనర్స్ సైన్ కూడా చేసేశారు. ఇంక గీత గురించి ఎవరు కేర్ చేస్తారు?"

మాస్టారు కుర్చీలో నిటారుగా సర్దుకొని అన్నారు: "టీము పోయింది సరే. ఎందుకు పోయిందో కాగితం మీద ఉంటది కదా. జనం రాలేదని ఉండనీ. ఓనర్లకి ఓపిక లేదని ఉండనీ. ఆ కుర్రాళ్ళు కొలత తప్పిన గ్రౌండు మీద ఆడారని మట్టుకు ఉండకూడదు. వాళ్ళు సరిగ్గానే ఆడారు. తప్పు గీసింది నేను."

లేఖలో ఉన్నవి నాలుగే వాక్యాలు. ఏప్రిల్ 12న గీత తక్కువైన మాట నిజము. తడిసిన నూలుతాడుతో కొలవడం అందుకు కారణము. ఆ తాడు నాది, ఆ తప్పు నాది, జట్టుది కాదు. దయచేసి ఒకసారి వచ్చి మళ్ళీ కొలవండి. నీల్ దాన్ని ఇంకొకసారి చదివి, ఒక కామా సరిచేసి, తన పేరు కూడా కింద చేర్చి పంపాడు.

అయిదవ రోజున జవాబు వచ్చింది. మే 9, శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు తనిఖీ. ఏ ఒక్క కొలతలోనైనా అయిదు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే చివరి ఆట ఇక్కడ జరగదు.

ఆ గురువారం మళ్ళీ వాన కురిసింది. శుక్రవారం తెల్లవారి ఏడింటికి నేను వెళ్ళేసరికి మైదానంలో మాస్టారితో పాటు జట్టు సారథి ఎవాన్, మరి ఆరుగురు ఆటగాళ్ళు ఉన్నారు. ఎవాన్ రెండువందల అరవై పౌండ్ల మనిషి. ఎదురు వచ్చినవాణ్ణి భుజంతో కూల్చేవాడు. అటువంటివాడు ఉక్కు టేపు కొసను గోరుతో నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈల ఒకసారి మోగితే టేపు లాగాలి. రెండుసార్లు మోగితే కదలకూడదు. ఒకడు రెండో ఈలకు తుమ్మాడు. మాస్టారు ఆ గీతను మొదటి నుంచి కొలిపించారు.

"స్టాండ్ అట్ ఈజ్ అనలేదే నేను!" అని ఆయన గద్దిస్తే, తెలుగు ముక్క రాని ఆ ఏడుగురూ నిటారుగా నిలబడ్డారు. శిక్షకుడి మాట కన్న ఈయన మాటే వాళ్ళు ఎక్కువ వింటారని, అప్పుడే వచ్చిన నీల్ నా చెవిలో చెప్పి నవ్వాడు.

నాలుగు మూలల్లోనూ మూడు, నాలుగు, అయిదు మీటర్ల కొలతలతో మూలమట్టం సరిచూశారు. ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ ఒకటే అయ్యేదాకా మేకులు మూడుసార్లు పీకి పాతారు. అప్పటికి గాని రంగుబండి ముట్టుకోలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు పని ముగిసింది. నా మోకాళ్ళు ఆ మాటను వారం దాకా మరువనివ్వలేదు.

నాలుగింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. చేతిలో కాంతి కిరణంతో దూరం కొలిచే పరికరం. పలకరింపులు ముగించి నేరుగా ఇరవై రెండు మీటర్ల గీత దగ్గరకే వెళ్ళింది. ఆమె అంకెలు పైకి చదువుతుంటే నీల్ రాసుకున్నాడు. ఇరవై రెండు, సున్నా సున్నా. అవతలి కొస: ఇరవై రెండు, సున్నా సున్నా. అవతలి సగంలో ఉన్న గీత: అదే. పద్నాలుగు చోట్ల కొలిచింది. ఒక్క ఈశాన్యపు మూలలో మాత్రం ఒక సెంటీమీటరు తేడా వచ్చింది.

"ఒక సెంటీమీటరా? పావుగంట ఆగమనవోయ్, సరిచేసేస్తాను," అని మాస్టారు బండి వైపు కదిలారు. నీల్ ఆయన్ను భుజం పట్టుకొని ఆపాడు.

"అంకుల్, ప్లీజ్. మీరు నిలబడండి. చూశారా, ‘అండి’ పెట్టాను!"

ఆ లేఖ రాసింది ఎవరని అధికారిణి అడిగింది. మాస్టారు మడమలు కలిపి నిలబడ్డారు. పదకొండేళ్ళుగా మైదానాలు కొలుస్తున్నాననీ, వానను, యంత్రాన్ని, గడ్డిని తప్పుపట్టిన ఉత్తరాలు చాలా చదివాననీ, తప్పు నాదని రాసినది ఇదొక్కటే చూశాననీ ఆమె ఇంగ్లీషులో చెప్పి, నివేదిక మీద సంతకం చేసి, దానికి ఆ లేఖను కూడా జతపరిచింది. ఎవాన్ తన తడి చేతిని ప్యాంటుకు తుడుచుకొని మాస్టారి చేయి పట్టుకున్నాడు.

మే 17, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు చివరి ఆట అక్కడే జరిగింది. మాస్టారు వెళ్ళే తెలుగు చర్చి నుంచి నలభై ఆరుగురు వచ్చారు. వసంతకుమారి గారు చీర మీద జట్టు జెర్సీ తొడుక్కొని మా ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆట ఇరవై నాలుగు, ఇరవై తొమ్మిదితో ముగిసింది.

"ఎవరు గెలిచినట్టండీ?" అని ఆమె అడిగారు.

"మనవాళ్ళు ఓడిపోయారమ్మా," అన్నాను.

"మరి ఈయనేటండి, కప్పు గెలిచినట్టు నడుస్తున్నారు?"

నేను చూశాను. మైదానం ఆ చివర మాస్టారు మూలజెండాలు ఒక్కొక్కటే పీకి భుజాన వేసుకుంటూ, పక్కగీత తొక్కకుండా, దాని వెంబడే నడిచి వస్తున్నారు. ఆటగాళ్ళు రెండు వరుసలుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

ఆ తరువాతి సంగతులు ఇవి. జూన్ 30న కాటన్‌వుడ్స్ జట్టు పోటీ నుంచి తొలగింపబడింది. ముప్పై నలుగురు ఆటగాళ్ళలో తొమ్మిదిమందిని ఇతర జట్లు తీసుకున్నాయి. ఎవాన్ ఆట మానివేసి ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ శిక్షకుడిగా చేరాడు. నీల్ ఒక ఆసుపత్రి కార్యాలయంలో పని చేస్తున్నాడు. దైవాశీర్వాదం గారు ఆగస్టు నుంచి నగరపు ఉద్యానవనాలలో పిల్లల ఆటస్థలాలకు గీతలు గీస్తున్నారు. వారానికి మూడు రోజులు పని, ప్రిస్సిల్లా కారులో దింపుతుంది. పోటీ నిర్వాహకులు వెలువరించిన తుది ఉత్తర్వులో జట్టును తొలగించడానికి కారణాలు రెండే ఉన్నాయి.