నిప్పుల మీద నడిచినా చురుక్కుమనలేదు

ఆ సంవత్సరం అగ్నిగుండం దాటి అవతలికి వచ్చాక నా పాదాలకు వేడే తెలియలేదు. నాకు మొదటి అనుమానం అక్కడ పుట్టింది.

మాది తమిళనాడులో ధర్మపురి దగ్గర కంబైనల్లూరు. నేను మేస్త్రిని. ప్రతి ఇటుకనూ తట్టి, చప్పుడు విని గాని గోడలో పెట్టను. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని నా భార్య సరోజ అంటుంది. మా ఇంట్లో తెలుగు మాట్లాడతామే గాని నాకు రాయడం రాదు. కుప్పం నుంచి వచ్చిన మా కోడలు ఇది రాసింది. నేను చెప్పనిది ఏమైనా చేర్చిందేమోనని రెండుసార్లు చదివించుకుని విన్నాను.

అమ్మవారి తిరునాళ్ళకు పసుపుబట్ట కట్టి, ఉపవాసం ఉండి గుండం తొక్కడం మా ఇంటి మొక్కు. ఎంత భక్తి ఉన్నా చివరి రెండడుగులు చురుక్కుమంటాయి. ఆ చురుకు నాకు ఏళ్ళ తరబడి తెలుసు. ఆసారి అది లేదు.

"ఈసారి అమ్మ నిన్ను పూర్తిగా కనికరించింది బావా!" అని నా బావమరిది మురుగేశన్ నా కాళ్ళకు మొక్కాడు. ఇంకా నలుగురు మొక్కారు. అమ్మవారిని అనుమానించే ధైర్యం లేక, నిప్పులు పరిచినవాళ్ళను అనుమానించాను. చింతకట్టెలు తక్కువ వేసి, పైన బూడిద చల్లి మోసం చేశారనుకున్నాను.

మూడో రోజు ఇల్లు తుడుస్తూ సరోజ గచ్చు మీద తడి మరకలు చూసింది.

"మామా, ఏదీ, కాలు ఎత్తు," అంది.

ఎడమ పాదం అడుగున రేగుపండంత బొబ్బ చితికి చీము పట్టింది. ఆ కాలితోనే నేను మూడు రోజులు పరంజా ఎక్కి దిగాను.

ధర్మపురిలో ఆసుపత్రికి వెళ్ళాం. బ్లడ్ టెస్ట్ చేసి షుగర్ చాలా ఎక్కువ ఉందన్నారు. నా రక్తం ఇంకెవరి రక్తంతోనో మారిపోయిందని వేరే ల్యాబ్‌లో ఇచ్చాను. అక్కడ ఇంకాస్త ఎక్కువ వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ HbA1c మూడు నెలల షుగర్ సంగతి చెబుతుంది. నాలుగు రోజుల ఉపవాసంతో దీన్ని ఏమార్చలేరు," అంది తమిళంలో.

తర్వాత ఒక సన్నని నైలాన్ దారం తీసింది. మోనోఫిలమెంట్ అంటారట. "కళ్ళు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి."

కళ్ళు మూసుకుని కాచుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు.

"మొదలుపెట్టండమ్మా," అన్నాను.

"పది చోట్లా అయిపోయిందయ్యా," అంది.

నేను నమ్మలేదు. ఈమె దారం ఆనించకుండానే నన్ను బెదిరిస్తోందనుకున్నాను. సరోజను సాక్షిగా కూర్చోబెట్టి మళ్ళీ చేయమన్నాను. కళ్ళు తెరిచేసరికి సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "న్యూరోపతి," అంది డాక్టరమ్మ. షుగర్ ఎన్నాళ్ళుగానో లోపల ఉండి నరాలను తినేసిందట.

పుండు శుభ్రం చేశారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. కాలు నేలకు మోపవద్దన్నారు. ఇన్సులిన్ అంటే ఒకసారి పట్టుకుంటే వదలదని, కట్లు కట్టేది మందుల షాపు కోసమని, నాకు అన్నీ అనుమానాలే. అయినా ఆరు వారాల్లో పుండు మానుతూ వచ్చింది. అప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. నేను లేకుండా పనివాళ్ళు సిమెంటు తక్కువ కలుపుతున్నారని. బూట్లు తొడుక్కుని సైటుకు పోయి సాయంత్రం దాకా నిలబడ్డాను.

ఇంటికొచ్చి బూటు విప్పితే లోపల నుంచి కంకరరాయి పడింది. సాక్సు ఎర్రగా తడిసి ఉంది. ఆ రాయి పొద్దుటి నుంచీ నా కాలికిందే ఉంది.

ఈసారి ఎక్స్‌రేలో చీము ఎముకకు పట్టినట్టు తేలింది. "చిటికెన వేలు తీసేయాలి. ఆలస్యం చేస్తే పాదం తీయాల్సి వస్తుంది," అన్నారు.

"మళ్ళీ గోడ కట్టగలనా అమ్మా?" అని అడిగాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

"కట్టొచ్చు. కానీ ఇకమీద మీ కాలు మీకేమీ చెప్పదు. మీరే రోజూ చూసి తెలుసుకోవాలి," అంది.

వేలు పోయిందని ఏడ్చాను. లోకంలో అందరినీ అనుమానించి నా కాలినొక్కదాన్నే నమ్మానే అని కూడా ఏడ్చాను.

రెండేళ్ళయింది. గోడలు కడుతున్నాను, కాకపోతే పరంజా ఎక్కను. పొద్దున్నే బూట్లు దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి గాని తొడగను. ఇంట్లో కూడా చెప్పులే. ఒక గంట నడుస్తాను. రాగి సంగటి ఎంత తిన్నా షుగర్ పెరగదని మా వైపు గట్టి నమ్మకం. రెండు ముద్దలు తిని చూస్తే గ్లూకోమీటర్ ఒప్పుకోలేదు. మీటర్ పాడైందని కొత్త సూదితో సరోజ వేలు కూడా పొడిచి చూశాను. ఆమె షుగర్ సరిగ్గానే ఉంది. అప్పటి నుంచి ఒక్క ముద్దే, పక్కన ఆకుకూర ఎక్కువ. సాయంత్రం కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, నేల మీద అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకుంటాను. తర్వాత సరోజ చూస్తుంది. నా కళ్ళ మీద కూడా నాకు అంత నమ్మకం లేదు.

ఈ ఏడు తిరునాళ్ళకు గుండం తొక్కలేదు, పొంగలి పెట్టి మొక్కుకున్నాను. మురుగేశన్ తొక్కి నవ్వుతూ వచ్చాడు.

"బావా, ఈసారి నాకూ ఏమీ తెలీలేదు! పూల మీద నడిచినట్టు ఉండింది!"

"కూర్చో. కాళ్ళు కడుక్కో," అన్నాను.

"అమ్మవారి మీద కూడా అనుమానమేనా నీకు?"

"అమ్మ మీద కాదురా, నీ కాళ్ళ మీద. కండ్లు మూసుకో. నేను వేలు తగిలిస్తే చెప్పు."

విసుక్కుంటూనే కళ్ళు మూసుకున్నాడు. అతని బొటనవేలి కొసను నా వేలితో తాకాను. తర్వాత మధ్యవేలు, చిటికెన వేలు. రెండో కాలు కూడా.

"ఏం బావా, మొదలుపెట్టు," అన్నాడు మురుగేశన్.

మరుసటి పొద్దున బస్సెక్కించి ధర్మపురికి తీసుకుపోయాను. అతని పది వేళ్ళూ ఇప్పటికీ ఉన్నాయి.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళ అరికాళ్ళను రోజూ ఒక్కసారి చూడండి. నొప్పి లేదు అని వాళ్ళు చెబితే మాత్రం నమ్మకండి.