చేపల వాసన వేసే మంచు

పోయిన గురువారం సాయంత్రం ఒమాన్‌లోని బౌషర్‌లో మా వీధి చివరి దుకాణానికి పాలు కొనుక్కోవడానికి వెళ్ళి, చాక్లెట్లు పేర్చిన వరుస దగ్గర నిలబడిపోయాను. నీలం రేకుడబ్బా మూత మీద నీళ్ళపై ఒక పాత చెక్కవంతెన, దానికి ఇంటికప్పులాంటి కప్పు, అంచులంతా ఎర్రపూలు, పక్కన నీటిలోంచి లేచిన రాతిబురుజు, వెనక తెల్లటి కొండలు. నాకంటే ముందే అక్కడ ఇద్దరు మనుషులు నిలబడి ఆ డబ్బా గురించే వాదించుకుంటున్నారు. కంపెనీ బట్టలు, మోచేతుల దాకా సిమెంటు, మాట మా జగిత్యాల వైపుది.

"ప్యాకిట్ల ఎక్కువొస్తయ్ గదరా, డబ్బా ఏం జేస్కుంటవ్?" అన్నాడు ఒకాయన.

"పెండ్లిగానోనివి నీకేం ఎరుక? చాక్లెట్లు నాలుగు దినాలల్ల ఒడుస్తయ్. పిల్లలు దాసుకునేది డబ్బానే," అన్నాడు రెండో ఆయన, మూత మీది దుమ్మును వేలితో తుడుస్తూ.

పలకరించి ఉండాల్సింది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ బెరుకే. తెలుగు రానిదానిలా పక్కకు తిరిగి, వాళ్ళు వెళ్ళిపోయాక నేనూ ఒక డబ్బా తీసుకుని, పాలు మరిచి ఇంటికి వచ్చేశాను. రోజూ రాసుకునే డైరీలో ఆ రాత్రి ఒక్క ముక్క కూడా రాయలేకపోయాను.

నా ఈడువాళ్ళకు, అందులోనూ నాన్నను రెండేళ్ళకోసారి తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలతో పాటు చూసినవాళ్ళకు, ఆ డబ్బాల సంగతి నేను చెప్పనక్కరలేదు. పెట్టె విప్పగానే ఇల్లంతా సబ్బూ అత్తరూ కలిసిన ఒక వాసన కమ్మేది. దుప్పట్లు అమ్మకు, టార్చిలైటు మేనమామకు, తలనొప్పి మందు సీసాలు వాడకట్టు మొత్తానికి పోగా చాక్లెట్ డబ్బాలు నాకు మిగిలేవి. చాక్లెట్లు పంచడమే తప్ప నేను తిన్నది తక్కువ. డబ్బాలు మాత్రం ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. ఒకదాని మీద పూలవంతెన, ఒకదాని మీద మంచుకొండ ఎక్కుతున్న ఎర్ర రైలు, ఇంకోదాని మీద పొగలు కక్కే జలపాతమూ దాని నడుమ ఒక రాతిగుట్టూ, మరోదాని మీద మెడలో పెద్ద గంటలు కట్టుకున్న ఆవులు. అవి స్విట్జర్లాండ్ అనే దేశంలో యాత్రికులు ఎగబడి చూసే చోట్లని నాకెలా తెలుస్తుంది? నాన్న, మా మాటలో బాపు, ఒమాన్‌లో ఉన్నాడు, డబ్బా బాపు దగ్గరినుంచి వచ్చింది, కాబట్టి ఆ బొమ్మ ఒమాన్‌ది. మా బాపు ఆ కొండల మధ్య డ్యూటీ చేస్తున్నాడు. మా ఇంట్లో ఎవరూ అది కాదనలేదు, ఎందుకంటే ఎవరికీ అంతకంటే ఎక్కువ తెలియదు.

బాపు శుక్రవారం మధ్యాహ్నాలు మేనమామ దుకాణానికి ఫోన్ చేసేవాడు. ఒక శుక్రవారం నేను ఫోన్ లాక్కుని, ఆ పూలవంతెన మీదుగానేనా డ్యూటీకి పోతావని అడిగాను. అవతల ఎవరో నవ్వుతున్నారు, గిన్నెల చప్పుడు. తర్వాత బాపు గొంతు సవరించుకున్నాడు.

"ఆ, గా వంతెన మీదికెల్లే బిడ్డా. పొద్దుగాల పూలకు నీళ్ళు వోస్తరు, చెక్కలు జారుతయ్. జర పైలంగ నడుస్త."

అక్కడినుంచి ప్రతి శుక్రవారం నాకొక చోటు చెప్పడం ఆయన పనైపోయింది. ఎర్ర రైలు అంత నిటారు కొండ ఎలా ఎక్కుతుందంటే పైనుంచి ఎద్దులు మోకు వేసి గుంజుతాయన్నాడు. గంటల ఆవులు పెద్దరోడ్డుకు అడ్డంగా నిలబడితే కార్లన్నీ ఆగాల్సిందేనట, హారన్ కొట్టినా కదలవట. ఆవులు అంత పొగరుబోతువి అవుతాయా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆయన రోజూ చూసే ఒంటెల సంగతి నాకప్పుడు తెలియదు. మంచు ఎలా ఉంటుందని అడిగిన రోజు మాత్రం ఆయన తడుముకోలేదు. దొడ్డుప్పులా పలుకులు పలుకులుగా ఉంటుంది, పట్టుకుంటే చేతులు మండుతాయి, కొంచెం చేపల వాసన వస్తుంది అన్నాడు. ఈ చివరి ముక్కను నేను బడిలో వ్యాసంలో రాశాను. సారు దాన్ని బయటికి చదివినప్పుడు తరగతి అంతా ఎంత నవ్విందో, నేను బెంచీ మీద తలవాల్చి ఎంతసేపు ఏడ్చానో ఇప్పటికీ గుర్తుంది. అయినా మా బాపు చూసినది సారు చూడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ వేసవిలోనే బాపు సెలవు మీద వచ్చాడు. కొండల్లో ఉన్నవాడు అంత నల్లబడ్డాడేమిటని అమ్మను అడిగితే, మంచు మీద ఎండ పడితే మనిషి ఇంకా మాడిపోతాడని ఆయనే జవాబిచ్చాడు. మే నెల, కరెంటు లేదు, మేమంతా విసనకర్రలతో అల్లాడుతుంటే ఆయన బండల మీద తడి తువ్వాల పరుచుకుని, ఎంత చల్లగా ఉందోనంటూ హాయిగా నిద్రపోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయన పడుకున్న పక్కనే నిలబడి, ఆయనకు వినబడాలనే, అమ్మతో గట్టిగా అన్నాను, "ఆయనకేంది, ఏడాదంత మంచుల ఉంటడు. మనల్ని తీస్కపోడు. మనమే ఎండల ఎండాలె." బాపు కళ్ళు తెరవలేదు. "పిల్ల నిజమే అంటుంది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం సైకిల్ మీద వెళ్ళి నాకు సోడా, ఐసుగోలా తెచ్చాడు. నేను కోపంగానే తిన్నాను.

ఆ తర్వాత రెండు తరగతులు దాటాక బడికి కొత్త ప్రపంచపటం వచ్చింది. సారు కర్రతో ఒమాన్ చూపించినప్పుడు అది అంతా పసుపురంగులో, సముద్రం పక్కన, ఎడారి అన్న మాట కింద ఉంది. మంచుకొండలంటూ సారు చూపిన ఆల్ప్స్ ఎక్కడో పైన, గోధుమరంగు గీతల్లా ఉన్నాయి. బాపు నాతో అబద్ధం ఆడాడన్న కోపం రాలేదు. తడి తువ్వాల మీద పడుకున్న మనిషి గుర్తొచ్చి, ఆ పక్కన నిలబడి నేనన్న మాట గుర్తొచ్చి, ఆ వయసుకు పేరు తెలియని భయమేదో పట్టుకుంది.

మళ్ళీ శుక్రవారం ఫోన్‌లో బాపు, "బిడ్డా, ఇయ్యాల జలపాతం కాడికి పోయినం," అని ఉత్సాహంగా మొదలుపెట్టాడు. హోంవర్కు ఉందని చెప్పి ఫోన్ అమ్మకిచ్చాను. ఎండలో నిలబడి నాకోసం మంచును కల్పించే శ్రమ ఆయనకు తప్పిద్దామనుకున్నాను. దయ చూపుతున్నాననే అనుకున్నాను. ఇంకొన్ని శుక్రవారాలు ఆయన ప్రయత్నించి, ఆ తర్వాత మానుకున్నాడు. మా మధ్య ఫీజులు, వానలు, జ్వరాలు మాత్రం మిగిలాయి.

కాలం నన్నూ ఇటే తెచ్చింది. నర్సింగు చదివి బౌషర్‌లో ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత ఒక ఒమానీ కుటుంబంలో నడవలేని పెద్దామెకు ఇంటి నర్సుగా చేరాను. బాపు ఇంకా, మొదటినుంచీ పనిచేస్తున్న సహం అనే సముద్రపు ఊళ్ళోనే ఉన్నాడు. సైట్ పని చేతకాక కంపెనీ స్టోర్ దగ్గర కూర్చుంటాడు. నెలకో శుక్రవారం వెళ్ళి చూసి వస్తుంటాను. పోయిన వేసవిలో, ఎండ ముదరగానే ఆ కుటుంబం ఏటా వెళ్ళినట్టే స్విట్జర్లాండ్‌కు బయలుదేరుతూ పెద్దామెతో పాటు నన్నూ తీసుకెళ్ళింది. బాపుకు చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

ల్యూసర్న్ అనే ఊళ్ళో ఆ వంతెనను చూశాను. చక్రాలకుర్చీ తోసుకుంటూ వంతెన మొదట్లోకి వచ్చేసరికి ఒకామె పొడుగు గొట్టంతో పూలకు నీళ్ళు పోస్తోంది; కింద చెక్కలు తడిగా ఉన్నాయి. జర పైలంగ నడిచాను. కప్పుకింద మూడుమూలల పలకల మీద పాత బొమ్మలున్నాయి, జనం తలలెత్తి వాటిని ఫొటోలు తీసుకుంటున్నారు, నేను మాత్రం కిందికే చూస్తూ దాటాను. మరోరోజు రైన్ జలపాతం దగ్గర, నడుమ ఉన్న రాతిగుట్టకు పడవలో వెళ్ళే మనుషుల్ని ఒడ్డునుంచి చూశాం. ఇంకోరోజు పెద్దామెను హోటల్లో కూతురికి అప్పగించి, మనవరాళ్ళు నన్ను యుంగ్‌ఫ్రావ్ కొండ మీదికి తీసుకెళ్ళారు. రైలును ఎద్దులు గుంజడం లేదు. పట్టాల నడుమ పళ్ళున్న ఇనుపకమ్మి, దానిని పట్టుకుని ఎక్కే పళ్ళచక్రం. పైన తలుపు తెరిచి బయటికి అడుగుపెట్టగానే ఊపిరి సగమే అందింది, కళ్ళు చెదిరాయి. గుప్పెడు మంచు తీసి, ఎవరూ చూడటం లేదనుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. మనవరాలు చూసేసి, ఏం వెతుకుతున్నావని నవ్వింది. నేను చెయ్యి దులిపేసుకున్నాను.

ఆ రోజంతా నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట రాయడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. మర్నాడు శుక్రవారం, బాపు ఫోన్ చేశాడు. నేను శాలువా కప్పుకుని సరస్సు ఒడ్డున నిలబడి ఉన్నాను. "ఎండ ఎట్లుంది బిడ్డా ఆడ?" అన్నాడు, నేను బౌషర్‌లోనే ఉన్నాననుకుని. "మస్తుంది బాపూ," అన్నాను. "నీళ్ళు మంచిగ తాగు," అన్నాడు. ఎండలో నిలబడి ఆయన నాకు మంచు చెప్పినవాడు. మంచుకొండల నీడలో నిలబడి నేనాయనకు ఎండ చెప్పాను. ఆయన చెప్పింది నా సంతోషం కోసం, నేను చెప్పింది నా సిగ్గు కోసం. ఏడాదిగా ఆ ఒక్క మాట నా గొంతులోనే ఉంది, ప్రతి నెలా సహం వెళ్ళి దాన్ని అలాగే వెనక్కి తెచ్చుకుంటున్నాను.

ఆ డబ్బా కొన్న మర్నాడే, పోయిన శుక్రవారం, దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళాను. బిడ్డ వచ్చింది, చేపలు తేవాలన్నాడు బాపు. ఆయనతో మొదటినుంచీ ఒకే రూమ్‌లో ఉంటున్న ఊరి మనిషి, నేను చిన్నాన్న వరసతో ‘కాక’ అని పిలిచే ఆయన కూడా వచ్చాడు. సముద్రం ఒడ్డున పడవలు ఆగే చోట ఒక మిషను పెద్ద పెద్ద ఐసుగడ్డల్ని నమిలి పొడిచేసి కుప్పపోస్తోంది. చేపలబుట్టల పక్కన తెల్లగా, దొడ్డుప్పులా, ఎండలో మెరుస్తూ ఉంది ఆ కుప్ప. నేను అక్కడే ఆగిపోయాను. వంగి గుప్పెడు తీసుకున్నాను. చేతులు మండాయి. చేపల వాసన వచ్చింది.

"డ్యూటీ దిగినంక మేమంత ఈడికే వచ్చేది," అన్నాడు కాక. "మీ బాపు గిండ్ల చేతులు వెట్టి కూసునేటోడు. లెమ్మంటె లేవకపోతుండె."

బాపు చేపలు ఏరుతున్నాడు. నేను ఆయన వీపుతో అన్నాను, "బాపూ, నేను పోయినేడు స్విట్జర్లాండ్ పోయిన. నీకు చెప్పలే. ఎండ మస్తుందని చెప్పిన నాడు ఆడనే ఉన్న." ఆయన రెండు చేపలు పక్కనపెట్టి, ఒకటి తిరిగి బుట్టలో వేశాడు. డబ్బులిచ్చి, సంచి పట్టుకుని రూమ్‌వైపు ముందు నడిచాడు.

నోరు విప్పింది కాకనే, ఉల్లిగడ్డలు కోస్తూ. నా చిన్నప్పుడు శుక్రవారం వస్తే ఈ రూమ్‌లో అదే పనట. పొద్దుటినుంచీ అందరూ కూర్చుని, పిల్లకు ఇయ్యాల ఏం చెప్పాలె అని ఆలోచించేవారట. రైలుకు ఎద్దుల్ని కట్టింది కాక. ఆవుల్ని రోడ్డుకు అడ్డం నిలబెట్టింది డ్రైవరు పని చేసే ఒకాయన. జలపాతం కోసం వారమంతా కొట్లాడుకున్నారట. "గా స్విట్జర్లాండో ఏందో, మేమే కట్టినం," అని నవ్వి, కత్తి ఆపాడు. "నువ్వు అడుగుడు బంద్ వెట్టినవ్. రూమ్‌ల ఎవ్వలికి పొద్దువోలే."

తప్పిద్దామనుకున్న శ్రమ ఆయనకు శ్రమ కాదు. వారంలో ఆ ఒక్క పూట వాళ్ళంతా వెళ్ళి తిరిగివచ్చే చోటది. దాని తలుపు నేను మూశాను, దయ అనుకుని మూశాను. ఎందుకు మానేశావని అడగలేదేం బాపూ, మళ్ళీ అడగమని నాతో ఒక్కసారి అనకపోయావా అన్నాను. ఆయన నావైపు చూడకుండా బియ్యం కడుగుతూ, "సదువుకునే పిల్లవైతివి. సదువుకున్నోళ్ళు గట్లాంటియి అడుగుతరా," అన్నాడు. తప్పుపట్టిన గొంతు కాదది. తప్పుపట్టినా బాగుండేది.

ఎసరు మరిగేలోగా పక్క రూమ్‌ల కుర్రవాళ్ళు వచ్చారు. వాళ్ళ చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో వాళ్ళ పిల్లలు. మంచాలూ, తీగ మీది బట్టలూ, పొయ్యి మీది గిన్నెలూ అన్నీ అటువైపు కనబడుతూనే ఉన్నాయి. ఒక పాప అయితే, ఫ్యాను అటు తిప్పుకో డాడీ, చెమట పడుతోందని చెబుతోంది. నాన్న ఎక్కడ పడుకుంటాడో, ఏం తింటాడో ఆ పాపకు తెలుసు. ఏ వంతెన మీద నడుస్తున్నావని ఆ పాప ఎప్పటికీ అడగదు. అది మంచిదే. తండ్రి పక్కన నిలబడి నేనన్న మాట ఆ పాప ఎన్నటికీ అనదు కాబట్టి మంచిదే. అయినా ఆ చిన్న తెరలో అంతా కనబడిపోతుంటే, వాళ్ళెవరూ కాసేపైనా ఇంకెక్కడికీ పోలేరు కదా అనిపించింది.

డబ్బా తీసి బాపు చేతికిచ్చాను. చాక్లెట్లు అందరూ పంచుకున్నారు. డబ్బా మాత్రం కాక లాక్కుని, ఉప్పు పోసుకోవడానికి బాగుంటుందని అరమీద పెట్టాడు. బాపు మళ్ళీ బియ్యం గిన్నె ముందుకు తీసుకుని, అరమీది ఆ బొమ్మను చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

"పూలకు నీళ్ళు వోస్తుండ్రా?"

"పోస్తుండ్రు బాపూ. చెక్కలు జారుతున్నయ్. పైలంగ నడిచిన."

అందరూ నావైపు తిరిగారు. అంతమంది ముందు మాట్లాడటం నాకెప్పుడూ చేతకాదు, కానీ ఆ పూట చెప్పాను. వంతెన చెప్పాను, ఎర్ర రైలు చెప్పాను, ఎద్దుల్ని తీసేయలేదు. కొండపైకి చేరి ఆగినప్పుడు కాక కత్తి పట్టుకునే అడిగాడు, మంచు ఎట్లుండె అని. బాపు తల ఎత్తలేదు, కానీ బియ్యంలో ఆయన చేయి ఆగింది.

"దొడ్డుప్పు లెక్కుంది," అన్నాను. "జర చేపల వాసనొచ్చింది."