నీళ్ళకు ఆగే ప్యాసింజరు

గోపాలకృష్ణమూర్తి గారి కారును కారు అన్నవాళ్ళకు ఆయన ఇంట్లో రెండోసారి కాఫీ దొరికేది కాదు. అది రైలు. దానికి నాలుగే చక్రాలుంటే ఉండవచ్చు, అది పెట్రోలు తాగితే తాగవచ్చు, కాగితాల్లో దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ అని రాసుకుంటే రాసుకోవచ్చు. ఆయన దృష్టిలో మాత్రం అది యాకుత్‌పురా ప్యాసింజరు. పొద్దున యాకుత్‌పురాలో ఇంటి గేటు దగ్గర బయలుదేరి, దబీర్‌పురా, మీరాలం మండీ, నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్‌లో ఆయన గుమాస్తాగా పనిచేసే ఆఫీసుకు చేరేది. సాయంత్రం అదే దారిన వెనక్కి వచ్చేది.

ఆ హెరాల్డును నడిచేలా ఉంచే పూచీ మెకానిక్ ఎల్లేష్‌ది. తొంభైల నాటికే ఆ కార్లు తయారవడం మానేసి చాలా ఏళ్ళయింది. విడిభాగాలు దొరకవు. ఎల్లేష్ పాత ఇనుము కొట్లన్నీ తిరిగి, ఫియట్‌ది ఒకటి, అంబాసిడర్‌ది ఒకటి తెచ్చి, ఆకురాయితో అరగదీసి, అతికేదాకా వదిలేవాడు కాదు. అతను ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విప్పి, పాడుచేసి, తిట్లు తిని, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. నోటితో చెప్పేవాళ్ళంటే అతనికి పడదు. చేసి చూపించాలి.

"ఎల్లేషూ, ఇంజన్ను షెడ్డుకు తెచ్చానయ్యా" అంటూ వచ్చేవారు మూర్తి గారు.

"ఇది షెడ్డు కాదు సార్, రేకుల కొట్టం."

"రేకులున్నాక షెడ్డే."

"వానొస్తే కురుస్తది సార్."

"షెడ్డులన్నీ కురుస్తాయి. నువ్వు చూళ్ళేదు."

ఆ కారు ముందు భాగం మడ్‌గార్డులతో సహా ఒక్క ముక్కగా ముందుకు లేచేది, మొసలి నోరు తెరిచినట్టు. అలా లేచినప్పుడల్లా మూర్తి గారు చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు దూరం జరిగేవారు. ఇంజన్ స్టాఫ్ కానివాళ్ళు దగ్గర ఉండకూడదని ఆయన నియమం. ఆయనే ఆ నియమం పెట్టి, ఆయనే దానికి భయపడేవారు.

నియమాలకు కొదవ లేదు. బయలుదేరే ముందు ఇత్తడి ఈల ఊది, పచ్చజెండా ఊపేవారు. ఆ జెండా ఆయన భార్య శారదాంబ గారి పాత జాకెట్టు గుడ్డ. ఒకరోజు ఆవిడ నయాపూల్ దగ్గర దిగుదామని తయారవుతూ, "ఏమండీ, కుచ్చిళ్ళు సర్దుకుని వస్తున్నా" అని లోపలినుంచి కేకేశారు. ఈల మోగింది. జెండా ఊగింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి పొగ మాత్రమే మిగిలింది.

సాయంత్రం ఆవిడ నిలదీశారు. "కట్టుకున్న దాన్ని గేటు దగ్గర వదిలేసి పోతారా?"

"నేను వదల్లేదు శారదా. నువ్వు బండి తప్పిపోయావు. పెద్ద పెద్ద వాళ్ళే తప్పిపోతారు, అందులో చిన్నతనం ఏమీ లేదు."

"అలాగా. అయితే ఈ రాత్రికి వంట సర్వీసు రద్దు."

"ముందస్తు ప్రకటన లేకుండానా?"

"ఇదే ప్రకటన."

ఆ రాత్రి ఆయన అటుకులు నానబెట్టుకుని తిన్నారు. మర్నాడు పొద్దున ఈల ఊదే ముందు లోపలికి తొంగి చూశారు. నియమం సడలించారని కాదు, ప్యాసింజర్ల సౌకర్యార్థం.

రైలు ముందున్న బండిని దాటదు కాబట్టి ఆయనా దాటేవారు కాదు. ఒకసారి దబీర్‌పురా దగ్గర ఉల్లిగడ్డల తోపుడుబండి ముందుకొచ్చింది. మీరాలం మండీ దాకా దాని వెనకే నడిపించారు. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొట్టి, విసిగి, చివరికి ఆ తోపుడుబండివాణ్ణే బతిమాలుకున్నారు. ఆఫీసులో ఆలస్యం ఎందుకయిందని అడిగితే, "ముందు గూడ్సు ఉందండీ" అన్నారు.

ఎక్కడ ఆగినా ఆయనది ఒకటే మాట: "సిగ్నల్ రాలేదు." పెట్రోలు అయిపోయినా సిగ్నల్ రాలేదు. పోలీసు ఆపినా, తాళంచెవి ఇంట్లో మరిచిపోయినా అదే మాట.

ఇవన్నీ ఎల్లేష్ నవ్వుకుంటూ భరించేవాడు. అతను భరించలేకపోయింది దబీర్‌పురాకు ముందు సందు మలుపు.

ఆ మలుపులో రామలింగం ఇల్లుంది. రామలింగం రైల్వేలో పొగ ఇంజన్లు నడిపినవాడు. మూర్తి గారు యాకుత్‌పురా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పనిలేకుండా నిలబడే రోజుల్లో, రామలింగం ఇంజన్లోంచి చెయ్యెత్తేవాడు. ఆ రోజంతా మూర్తి గారు కాళ్ళు నేలమీద పెట్టేవారు కాదు. తర్వాత పొగ ఇంజన్లు పోయాయి, ఆ వెనకే రామలింగం రిటైరయ్యాడు. ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. "మా నాయన గోడదిక్కు తిరిగి పండుకుంటున్నడన్నా, అన్నం గూడ పిలిస్తేనే తింటున్నడు" అని అతని కూతురు బేబీ ఎల్లేష్ దగ్గర ఓసారి బాధపడింది.

సరిగ్గా ఆ ఇంటి ముందు ఒకరోజు హెరాల్డు టక్కున ఆగిపోయింది. మూర్తి గారు దిగి, తలుపు కొట్టి, "రామలింగం గారూ, ఇంజన్ మొరాయించింది, ఒక్కసారి చూడండి" అని పిలిచారు. రామలింగం వచ్చాడు. ముందు భాగం ఎత్తించి, చెవి పెట్టి విన్నాడు. "నీళ్ళకు వచ్చింది సార్" అన్నాడు. డబ్బాతో రేడియేటర్లో నీళ్ళు పోశాడు, మీద రెండు తట్టు తట్టాడు. "ఇగ సెల్ఫు కొట్టుండ్రి."

బండి కదిలింది.

మర్నాడు అక్కడే ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. ఇక అది ఆ బండి అలవాటైపోయింది. రామలింగం స్నానం చేసి, పాత ఖాకీ కోటు వేసుకుని, నీళ్ళ డబ్బాతో గుమ్మంలో తయారుగా ఉండేవాడు. మూర్తి గారితో పాటు రోజూ ఆఫీసుకు వచ్చే సోమశేఖర్ దిగి, నడుం విరుచుకుని, "ఎల్లేష్ చేతి పని" అనేవాడు. ఆటోవాళ్ళు ఆ మాట అందుకున్నారు. "క్యా మూర్తి సాబ్, సిగ్నల్ నై మిలా?" అని పలకరించి, జవాబు కోసం ఆగకుండా, "ఎల్లేష్ చేతి పని" అని వాళ్ళే చెప్పుకుంటూ పోయేవారు.

ఎల్లేష్‌కు నిద్ర పట్టడం మానేసింది. కొట్టంలో ఆ బండి గంటల తరబడి ఆగకుండా నడిచేది. రోడ్డు మీద ఆ మలుపులోనే ఎందుకు ఆగుతుంది? ప్లగ్గులు మార్చాడు, పంపు విప్పాడు, ట్యాంకు కడిగాడు. ఒకరోజు తానే ఆ మలుపుకు వెళ్ళి నిలబడ్డాడు. బండి ఆగగానే చెయ్యి పెట్టబోయాడు.

"ఎల్లేషూ, లోకో స్టాఫ్ కాకుండా ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు మూర్తి గారు.

"నేను మెకానిక్‌ను సార్."

"షెడ్డులో. ఇది లైను."

రామలింగం నీళ్ళు పోశాడు. నిండుగా ఉన్న రేడియేటర్లోంచి అవి పొర్లి రోడ్డు మీద పారాయి.

"బాపూ, అండ్ల జాగనే లేదు. ఏడ పోస్తున్నవు?"

"తాగినన్ని తాగుతది బిడ్డా. మిగిలినయి వదులుతది" అన్నాడు రామలింగం. బండి కదిలిపోయింది. ఎల్లేష్ తడిసిన చెప్పులతో అక్కడే నిలబడిపోయాడు.

ఇంతలో మీరాలం మండీ సీతారాం కబురు పెట్టాడు. అతనికి బడి పిల్లల్ని తిప్పే వ్యాన్లున్నాయి. అవన్నీ ఒక్క మెకానిక్‌కే అప్పగించాలని చూస్తున్నాడు. ఆ పని దొరికితే ఎల్లేష్ కొట్టానికి కొత్త రేకులు వస్తాయి, సొంతంగా పెద్ద జాకీ వస్తుంది, అన్నిటికీ మించి పేరు వస్తుంది.

"పని మంచిగ చేస్తవని అంటరు గని, గా పచ్చ కారు రోజు ఆగుతదంట గదా" అన్నాడు సీతారాం.

"సోమవారం రా అన్నా. అండ్లనే కూసొని పోదాం. ఆగితే నీ వ్యాన్లు నాకియ్యకు."

మాట ఇచ్చాడు గానీ, ఎందుకు ఆగుతుందో అతనికింకా తెలియదు. దేవుడి దయవల్ల స్పీడోమీటరు కేబులు తెగింది. ఆదివారం మూర్తి గారు బండిని వదిలి వెళ్ళారు. ఎల్లేష్ వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ళతో పట్టుకుని, డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. పాత తీగల మధ్య ఒక కొత్త తీగ. పాతదిలా కనపడాలని దానికి మసి పూసిన గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డను ఎలక్ట్రీషియన్ ఎవడూ కట్టని పద్ధతిలో కట్టారు: ఫైళ్ళకు కట్టే ట్యాగుతో, రెండు చివర్లా రేకు ముక్కలతో, చక్కని ముడితో.

తీగ వెంట చెయ్యి పోనిచ్చాడు. డ్రైవరు సీటు అంచున, మోకాలి కింద, వేలికి తగిలేచోట చిన్న స్విచ్చి. ఇంజన్ స్టార్టు చేశాడు. నొక్కాడు. నడుస్తున్న ఇంజన్ టక్కున ఆగింది.

ఎల్లేష్ నోట్లోంచి టార్చి జారి ముక్కు మీద పడింది. "నా పేరు మట్టిల కలిపి ఈయన రైలాట ఆడుతున్నడు" అనుకున్నాడు. ఒక్క మాటా అనకూడదని నిశ్చయించుకున్నాడు. స్విచ్చిని తప్పించి తీగను నేరుగా కలిపేశాడు. ఇక నొక్కితే చప్పుడు తప్ప ఏమీ కాదు.

సోమవారం సోమశేఖర్ సెలవు. సీతారాం వెనక సీట్లో కూర్చున్నాడు. కొత్త ప్యాసింజరుకు రిజర్వేషన్ లేకుండా ముందు సీటు ఇవ్వరు కదా. ఎల్లేష్ మూర్తి గారి పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, హాయిగా కాళ్ళు చాపాడు. ఈల, జెండా అయ్యాయి. హెరాల్డు కుట్టుమిషన్‌లా నడుస్తోంది.

"నడక మంచిగనే ఉన్నది" అన్నాడు సీతారాం.

"చూస్తుండన్నా" అన్నాడు ఎల్లేష్.

మలుపు వచ్చింది. మూర్తి గారి మోకాలి దగ్గర చిన్న టిక్కు వినిపించింది. ఎల్లేష్ మీసం కింద నవ్వుకున్నాడు. మళ్ళీ టిక్కు. ఇంకో టిక్కు. బండి సాగుతూనే ఉంది. మూర్తి గారి నుదుట చెమట పట్టింది. వెనక కొత్త మనిషి కళ్ళప్పగించి చూస్తుంటే బాహాటంగా తాళంచెవి తిప్పలేరు. టిక్కు టిక్కుమని టెలిగ్రాఫు ఆఫీసులా కొడుతున్నారు.

అప్పుడు ఎల్లేష్ కిటికీలోంచి చూశాడు. గుమ్మంలో రామలింగం నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత పోని ఖాకీ కోటు, నున్నగా దువ్విన తల, చేతిలో నిండు డబ్బా. గోడవైపు తిరిగి పడుకునేవాడని బేబీ చెప్పిన మనిషి ఇతనే. అప్పటికే ఒక అడుగు రోడ్డు మీదికి వేశాడు. బండి ఆగకుండా వస్తుంటే, ఆ అడుగు వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు.

నడిచే బండిని ఆపడం ఎల్లేష్ జన్మలో ఎరగడు. అతను కాలు ఇంకాస్త చాపాడు. డాష్‌బోర్డు కింద తాను కలిపిన తీగను బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి లాగేశాడు.

హెరాల్డు రామలింగం ఇంటి ముందు టక్కున ఆగింది. మూర్తి గారు ఊపిరి వదిలారు. "సిగ్నల్ రాలేదు" అన్నారు, ఎవరూ అడక్కుండానే.

"ఏందయ్యా ఎల్లేష్, ఆగదంటివి?" అన్నాడు సీతారాం.

కొత్త రేకులూ, పెద్ద జాకీ ఎల్లేష్ కళ్ళ ముందు మెదిలాయి. అయినా చెప్పాడు. "గీ బండి నాతోని కాదన్నా. బాపు చెయ్యి పడాలె."

మూర్తి గారు ముందు భాగం ఎత్తి, రెండడుగులు దూరం జరిగారు. రామలింగం విన్నాడు, పోశాడు, తట్టాడు. తర్వాత ఎల్లేష్ కిటికీ దగ్గరికి వచ్చి, వంగి, వెనక సీటుకు వినపడకుండా అన్నాడు: "బిడ్డా, ఇయ్యాల సార్ మొఖంల రక్తం లేదు. ఆ స్విచ్చి ఖరాబైనట్టున్నది. జర చూడు."

"నీకెరుకేనా?"

"నీళ్ళకు ఆగే ఇంజన్ రొప్పుకుంట ఆగుతది. ఇది దీపం ఆర్పినట్టు ఆగుతది. నేనేమన్న నిన్న పుట్టిన్నా?"

"మరి రోజు గీ తిప్పలెందుకు బాపూ?"

"సార్‌కు రైలంటే పాణం. నేను రాకుంటే ఆయనకు పొద్దెట్ల పోతది?" అని రామలింగం డబ్బా చంకన పెట్టుకున్నాడు.

"ఇగ కొట్టుండ్రి సార్" అన్న కేక వినపడగానే, ఎల్లేష్ చెప్పు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగి తీగ కలిపాడు. హెరాల్డు కదిలింది.

సీతారాం వెనక అద్దంలోంచి రామలింగం కనపడకుండా పోయేదాకా చూశాడు. తర్వాత అన్నాడు: "ముసలాయన చెయ్యి మామూలుది కాదు. నా వ్యాన్లకు గూడ పోస్తడా?"

ఎల్లేష్ వెనక్కి తిరిగాడు. "పోస్తడన్నా. గని మా షెడ్డుకు తెస్తెనే పోస్తడు."

మూర్తి గారు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అడిగారు. "ఎల్లేషూ, ఇప్పుడేమన్నావు?"

"కొట్టం అన్న సార్."

"షెడ్డు అన్నావు."

"సిగ్నల్ వచ్చింది సార్, నడుపుండ్రి."

ఆ సాయంత్రం ఎల్లేష్ స్విచ్చిని మళ్ళీ యథాస్థానంలో కలిపాడు. పాతదాని కంటే గట్టి తీగ వేశాడు, మసిగుడ్డ చుట్టాడు, ఫైలు ట్యాగును అదే ముడితో కట్టాడు. ఆ ముడి రావడానికి ఇంజన్ విప్పినంత శ్రమ పడ్డాడు. మర్నాడు హెరాల్డు గుమ్మానికి ఎదురుగా, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా ఆగింది. సోమశేఖర్ దిగి, నడుం విరుచుకుని, ఎప్పటి మాటే అన్నాడు. సాయంత్రం కొట్టంలో సీతారాం వ్యాను చూసి ఆగిన ఆటోవాడొకడు ఆ మాటను ఎల్లేష్ ముందే అని నవ్వాడు.

ఎల్లేష్ చేతులు తుడుచుకుంటూ తల ఊపాడు. "అవు భాయ్," అన్నాడు, "నా చేతి పనే."