అంబదాస్ చెప్పింది అబద్ధమని రాసియ్యి!

అంబదాస్‌కి ఉన్న జబ్బు ఒక్కటే: ఎదుటివాడి జబ్బు. ఎవరు కనబడినా ఎగాదిగా చూసి, "రీసెర్చిల తేలింది..." అని మొదలుపెడతాడు. ఆ తర్వాత వచ్చేది గుండెపోటో పక్షవాతమో, అది మన అదృష్టం.

ఆయన ఖటోదరాలో మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీ. నేను, మన నేతపనివాళ్ళు వలసొచ్చి ఉండే బమ్రోలిలో ఆయన ఇంటికి నాలుగిళ్ళ అవతల క్లినిక్ నడిపే డాక్టర్ హైమవతిని. నేను ఏళ్ళ తరబడి చదివిందంతా ఆయన టీ చల్లారేలోపు చెప్పేసేవాడు.

"ఊకె కూసుంటె గుండెకు మోసం," అనేవాడు టీకొట్టు బెంచీ మీదివాళ్ళతో. పాపం వాళ్ళు లేచేవాళ్ళు. "మగ్గం కాడ పన్నెండు గంటలు నిలబడ్డది సాలదా? కాళ్ళ నరాలు ఉబ్బుతయ్!"

"కూసోవద్దు, నిలబడొద్దు. మరేం జెయ్యాలె అన్నా?"

"పండుకో. కానీ ఎక్కువ పండుకుంటె షుగర్."

ఇంట్లో ఆయన భార్య సమ్మక్క ఈ విజ్ఞానాన్ని చేటలో పోసి చెరిగేది. "పప్పుల ఉప్పేదే?" అని ఆయన అడిగితే, "రీసెర్చిల కరిగింది," అనేది.

ఒక ఆదివారం అందరం డుమస్ బీచ్‌కి వెళ్ళాం. టమాటా భజియాలు వేస్తున్న బండివాడికి, మాడిన నూనె గుండెను ఏం చేస్తుందో అంబదాస్ పావుగంట హిందీలో చెప్పాడు. బండివాడు శ్రద్ధగా విని ఒక ప్లేటు చేతిలో పెట్టాడు. ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు.

"నూనె సంగతేమైంది?" అన్నాను.

"సముద్రం గాలి దానికి ఇరుగుడు. గా రీసెర్చి ఇంకా అచ్చు గాలే డాక్టరమ్మా!"

ఇంతలో కరోనా వచ్చి దేశంలో ప్రతివాడూ శాస్త్రవేత్త అయిపోయాడు. ఒకడు కషాయమన్నాడు, ఒకడు ఆవిరన్నాడు. నాలుగో తరగతి దాటని అంబదాస్ చాలా నొచ్చుకున్నాడు. "సదువు రానోళ్ళు గూడ రీసెర్చి చెప్పవట్టిరి!"

లాక్‌డౌన్ తర్వాత మగ్గాలు మళ్ళీ మోగాయి. నా క్లినిక్‌కి ఒక కొత్తరకం రోగులు రావడం మొదలైంది. మొదట పోశమ్మ వచ్చింది.

"నాకేం లేదు డాక్టరమ్మా. రాత్రి నాలుగుసార్లు లేస్తె షుగరేనట. అంబదాస్ చెప్పింది అబద్ధమని కాయితం మీద రాసియ్యి, ఆయన మొకాన కొడ్త!"

పరీక్ష చేస్తే మూడు వందల పది. పోశమ్మ మిషన్ని అనుమానంగా చూసింది. "ఇది గూడ ఆయన బాగుచేసిందేనా?"

గురకకీ బీపీకీ సంబంధం లేదని రాయించుకుపోవడానికి వచ్చిన బక్కయ్య బీపీ మాత్రలు తీసుకువెళ్ళాడు.

రెండో ఏడు ఏప్రిల్లో మాత్రం నవ్వులు ఆగిపోయాయి. సాంబయ్య అనే నేతపనివాడు గదిలో ఒంటరిగా ఉండేవాడు. పాత షుగర్ మనిషి. ఐదు రోజులుగా జ్వరం. "దవఖానకు వోయినోడు తిరిగొస్తలేడు," అని లోపల గడియ పెట్టుకున్నాడు. నేను ఆక్సిమీటర్ పట్టుకుని కిటికీ బయట అరగంట బతిమాలాను. నా మాట గోడ విన్నంత కూడా వినలేదు.

అంబదాస్ రెండు మాస్కులు వేసుకుని వచ్చాడు.

"సాంబయ్యా! మొండోళ్ళ రక్తంల గాలి తక్కువుంటది. రీసెర్చిల తేలింది."

"ఎవడ్రా మొండోడు?" లోపల దగ్గు.

"నువ్వే."

"తే నీ మిషిను!"

కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి వచ్చింది. వేలికి ఆక్సిమీటర్ తగిలించాను. ఎనభై ఆరు. అంబదాస్ ఆ అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. సాంబయ్య అంకె చూడలేదు, అంబదాస్ కళ్ళు చూశాడు. గడియ తీశాడు.

పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. అంబదాస్ రోజూ ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, కబురు కనుక్కుని సొంతూళ్ళో ఉన్న సాంబయ్య భార్యకు ఫోన్ చేసేవాడు. సాంబయ్య సగమై తిరిగొచ్చి నాతో అన్న మొదటి మాట: "నేను మొండోణ్ణి గాదని రాసియ్యి."

తర్వాత అంబదాస్‌ని నిలదీశాను. "మొండివాళ్ళ మీద ఆ పరిశోధన ఎవరు చేశారు?"

"ఎవలు జేస్తరమ్మా?" అని తల గోక్కున్నాడు. "చూపించుకోర్రి అంటె పని పోతదని భయపడ్తరు. నీకు రోగముందంటె జిద్దుకొస్తరు. ఫోన్ల సగం దొరుకుతది, కడమ సగం మనిషిని చూసి కలుపుత."

ఆ సాయంత్రం నా రిజిస్టరు తిరగేశాను. అంబదాస్‌ని అబద్ధాలకోరని నిరూపించడానికి ఆ ఏడాది నలభై ఒక్కమంది వచ్చారు. వాళ్ళలో ఇరవై ఆరుగురు ఇప్పుడు మాత్రల మీద క్షేమంగా ఉన్నారు. నా డిగ్రీ చూసి అంతమంది రాలేదు.

కొన్నాళ్ళకు ఆయనే క్లినిక్‌కి వచ్చాడు. రీసెర్చి ఊసే లేదు.

"సమ్మక్కకు నాలుగు మెట్లెక్కితె ఆయాసం. ఎన్ని రీసెర్చిలు చెప్పినా నవ్వుతది."

"మరేం చేశారు?"

ఆయన నేల చూశాడు. "ఏం జేస్త? నువ్వు లేకుంటె నాకు భయమైతదే అన్న."

"ఏమంది?"

"ఏమంటది? చెప్పులేసుకుంది."

పరీక్షల్లో రక్తం తక్కువని తేలింది, మందులతో సర్దుకుంది. కానీ ఆయన నాతో అలా చెబుతున్నప్పుడు తలుపు సందులోంచి చూస్తే, బయట బెంచీ మీద సమ్మక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని పక్కావిడతో అంటోంది:

"ముప్పై ఏండ్లకు ఒక్క నిజం చెప్పిండు, చూపించుకోకపోతె ఏం బాగుంటది?"