మోకాలి కింద మూడు వేళ్ళు

తడిసిన ఉన్ని గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు లేచే వాసన మంచి వాసనేమీ కాదు. చలికాలంలో వాన పడ్డ మర్నాడు ఎడారిలో కబ్ద్ వైపు వెళ్తే గొర్రెల దొడ్ల నుంచి కొట్టే వాసన అది. మొన్న కువైట్‌లో, అల్ రాయ్‌లోని మా కుట్టుపని షెడ్డులో ఆ వాసన మళ్ళీ లేచింది. బయట రేకులు కాలిపోయే ఎండ, లోపల ఏసీ హోరు, నా ముందు బల్ల మీద పదకొండేళ్ళ కిందట ఇక్కడే కుట్టిన ఒక పాత కిల్టు. "తడిగుడ్డ అడ్డమేసినావా గ్రేసమ్మా?" అనే గొంతు కోసం ఒక్క క్షణం ఆగాను. ఆ గొంతు రాయచోటి మట్టిలో కలిసి మూడేళ్ళయిందని నాకు తెలియక కాదు.

కిల్టు అంటే స్కాట్లాండు మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళ ఉన్ని బట్ట. ముందువైపు సాదాగా, వెనకంతా కుచ్చిళ్ళతో ఉంటుంది. తోలుతిత్తి చంకలో పెట్టుకుని ఊదే బ్యాండు వాళ్ళు ఏ దేశంలో ఉన్నా అదే కట్టుకుంటారు. కువైట్‌లోనూ అలాంటి బ్యాండ్లున్నాయి, వాళ్ళకు బట్టలు కుట్టే మా షెడ్డూ ఉంది. ఆ షెడ్డులో కిల్టు కుట్టడం తెలిసినవాడు ఒక్కడే, మస్తాన్ మాస్టర్. వయసు అరవై దాటింది. బక్కపలుచని మనిషి, మాట మెత్తన.

నేను ఒక ఇంట్లో ఆరేళ్ళు పనిచేసి, మామాతో, అంటే ఆ ఇంటి యజమానురాలితో, మాటకు మాట చెప్పలేక కాదు, చెప్పీ చెప్పీ విసిగి బయటపడ్డదాన్ని. బీకాం చదివాను, ఇంగ్లీషు వచ్చు. అందుకని ఇక్కడ కస్టమర్లతో మాట్లాడి, కొలతలు తీసుకుని, చీటీ రాసే పని ఇచ్చారు. మొదటి రోజే మాస్టర్ బల్ల దగ్గర ఆగి, "మగాళ్ళకి ఈ గౌన్లేంటండీ మాస్టారూ?" అన్నాను. ఆయన తలెత్తలేదు. కిల్టును తిరగేసి నా వైపు తోశాడు.

"ముందర చూసి మోసపోతారు మే జనం. ఎనక చూడాల."

చూశాను. ఎనిమిది గజాల గుడ్డ అక్కడ దగ్గర దగ్గరగా మడతలు పడి ఉంది. అయినా పచ్చగళ్ళు గానీ వాటి మధ్య పసుపు గీత గానీ ఎక్కడా తెగలేదు. ముందువైపు ఎలా ఉందో వెనకా అలాగే ఉంది, మడతే పడనట్టు. "ఇంత గుడ్డ మడిచినట్టు తెలియగూడదు. కత్తెర పడగూడదు. కింద అంచు నేతలో వచ్చిందే ఉండాల. అంచు మడిచి హెమ్మింగ్ చేస్తే అది లంగా అయితాది, కిల్టు గాదు," అన్నాడు. ఎవరైనా ఇంత ఖాయంగా మాట్లాడితే నాకు నాలుక దురద పుడుతుంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ తగువే.

అప్పటికే కొత్తరకం కిల్టులు వస్తున్నాయి. ఖాకీ కాటన్‌వి, నల్లవి, పక్కన పెద్ద జేబులున్నవి, బకిల్ బదులు అతుకుడు పట్టీ ఉన్నవి. కుర్రాళ్ళు ఫోనులో బొమ్మ చూపించి అడిగేవాళ్ళు. మాస్టర్ ఆ బొమ్మల వంక కూడా చూసేవాడు కాదు.

"మీ లుంగీ సంగతేంటండీ మరి?" అని ఒకరోజు పట్టుకున్నాను. "మీ వైపు రెండు కొసలూ కలిపి గొట్టంలా కుట్టించుకుంటారు. మా నరసాపురంలో కుట్టకుండానే చుట్టేస్తారు. ఇందులో ఏది లుంగీ కాదంటారు?"

"నీది నోరు గాదు మే, కత్తెర," అని నవ్వాడు.

"నవ్వితే కుదరదు. ఇప్పుడు పెళ్ళికొడుకులకి అతుకుడు పట్టీ పంచెలొచ్చాయి. కట్టుకోవడం రానోడు అది తగిలించుకుంటే పెళ్ళి చెల్లదా?"

"పెండ్లి చెల్తాది," అన్నాడు సూదిలో దారం ఎక్కిస్తూ. "పంచె చెల్లదు."

నలుగురు ఆడవాళ్ళం ఉండే ఫర్వానియా గదిలో ఆ రాత్రి తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్క మంచంమీది అమ్మాయి ఎందుకని అడిగితే చెప్పడం చేతకాలేదు. కిల్టు గురించి, పంచె గురించి ఎక్కడ మొదలుపెట్టి చెబుతాను? ఈ దేశంలో నాతో వాదించే తీరిక ఉన్న మనిషి ఆయనొక్కడే. మిగిలినవాళ్ళంతా యల్లా, తొందరగా కానీ అనేవాళ్ళే.

ఆ ఏడాదే ఒక బ్యాండుకు పద్నాలుగు కిల్టుల పని వచ్చింది. కొలతలు నేనే తీశాను. కిల్టు అంచు సరిగ్గా మోకాలి చిప్ప నడిమికి రావాలన్నాడు మాస్టర్. నేను ఒప్పుకోలేదు.

"ఇది కువైట్ అండీ. మోకాళ్ళు కనబడేలా పద్నాలుగు మంది మగాళ్ళని వీధిలో నడిపిస్తారా? మోకాలి కింద మూడు వేళ్ళు ఉండాలి."

"బ్యాండోళ్ళు అడిగినారా?"

"అడగడమెందుకు? నాకు తెలీదా?"

చీటీలో అలాగే రాశాను. మా షెడ్డులో చీటీలో ఉన్నదే శాసనం. ఆయన ఆ కొలతకే కుట్టాడు. అందరికీ ట్రయల్ వేసిన రోజు నేను లేను, ఇఖామాకు, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్‌కు, మెడికల్ కోసం వెళ్ళి పగలంతా వరసలో నిలబడ్డాను. ఆ తర్వాత పని నెల రోజులు ఆలస్యమైంది. చివరికి బ్యాండు వాళ్ళు వచ్చి వేసుకుంటే అంచు మోకాలి చిప్ప మీదే ఉంది.

"నా మూడు వేళ్ళేమయ్యాయి?" అన్నాను.

"ఉన్ని గదా, ఆవిరికి కుంచించుకపోయింది."

"చూశారా? నేను ఎక్కువ పెట్టబట్టి సరిపోయింది. మీ మాట వింటే తొడల మీదికి పోయేది."

"అవును మే. నీ మూడు వేళ్ళే కాపాడినాయి," అన్నాడు.

ఆ ఆలస్యానికి ముదీర్‌కు మండింది. ముదీర్ అంటే మా మేనేజరు. ఎందుకింత ఆలస్యమని అడిగితే మాస్టర్, "చేతులు ముసలివైనాయి సాబ్," అన్నాడట. మర్నాడు ముదీర్ రెండు హ్యాంగర్లు తెచ్చి నా కౌంటర్ ముందు తగిలించాడు. ఒకటి మాస్టర్ ఆరు రోజులు చేత్తో కుట్టింది. ఇంకొకటి మిషన్ మీద ఒక్క పూటలో కుట్టిన ఖాకీది, జేబులతో, అతుకుడు పట్టీతో.

"కస్టమర్లతో మాట్లాడేది నువ్వు. చెప్పు, ఇది కూడా కిల్టేనా?" అన్నాడు హిందీలో.

మాస్టర్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్న వెనక ఆయన బల్ల ఉందని, ఆ బల్లతో ఆయన ఇఖామా ఉందని నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు అబద్ధమాడను. కానీ అంతకుముందు రోజే ఈ ఖాకీ కిల్టుల మీదే ఆయనతో వాదించి ఓడిపోయి ఉన్నాను. నెగ్గే అవకాశం ఎదురుగా వచ్చి నిలబడింది.

"కిల్టే," అన్నాను. "చుట్టుకుంటారు, కుచ్చిళ్ళున్నాయి, కట్టుకున్నవాడు కిల్టనే అంటాడు. ఇంకేం కావాలి?"

"ఖలాస్," అన్నాడు ముదీర్. చేతికుట్టు కిల్టులు ఆ పూటతో ఆగిపోయాయి. మాస్టర్ ఇఖామా మళ్ళీ రెన్యువల్ కాలేదు.

వెళ్ళే రోజు ఆయన కచ్చాకుట్టు దారపు ఉండలు చుట్టి సొరుగులో పెట్టి, తన టేపు మెడలోంచి తీసి బల్ల మీద వేశాడు. నాకు ఏదో అనాలని ఉంది. అయినా నా నోటికి అలవాటు లేని మాట ఎలా వస్తుంది? ఆయనే అన్నాడు, "నువ్వు చెప్పింది తప్పేం గాదు మే. దాన్నీ కిల్టనే అంటారు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. కొలత తీసేటప్పుడు మనిషిని మోకాళ్ళ మీద నిలబెట్టు. అంచు నేలకు తగిలీ తగలనట్టు ఉండాల."

"చర్చిలో మోకరించినట్టా?"

"అట్లనే అనుకో."

ఆ తర్వాత ఏడేళ్ళు శుక్రవారాలు చర్చి నుంచి వచ్చాక ఫోన్ చేసేదాన్ని. ఫోనులోనూ తగువే. రాయచోటిలో మనవళ్ళకు అతుకుడు పట్టీ పంచెలు కొన్నారని ఆయన చెబితే నేను గెలిచినట్టు అరిచాను. ఒక శుక్రవారం ఆయన కొడుకు ఎత్తి విషయం చెప్పాడు. ఫోన్ పెట్టేశాక గదిలో ముగ్గురూ ఎవరి ఫోనుల్లో వాళ్ళు ఉన్నారు. ఎవరితోనైనా పోట్లాడాలనిపించింది. కారణం దొరకలేదు.

మొన్న కిల్టు తెచ్చినాయన ఆ పద్నాలుగు మందిలో ఒకడు, డ్రమ్ము కొట్టే గోవా మనిషి. పొట్ట పెరిగింది, వదులు చేయమన్నాడు. అప్పుడు కొలత తీసింది నేనేనని గుర్తుపట్టలేదు. "ఆ ముసలాయన లేడా?" అని అడిగి, తనే నవ్వాడు. "మొదటి ట్రయల్‌లో ఇవి మాకందరికీ మోకాలి కిందికి వేలాడాయి. ఒకర్నొకరు చూసుకుని పడీ పడీ నవ్వాం. కొలత రాసిన మేడంకి చెప్పొద్దు, నేను చూసుకుంటానన్నాడు. పద్నాలుగూ విప్పి మళ్ళీ కుట్టాడు పాపం."

ఆయన వెళ్ళాక లోపలి లైనింగ్ విప్పాను. కింది అంచును ముట్టుకోకూడదు కనుక మాస్టర్ పైనుంచి విప్పాడు. నడుము పట్టీ ఊడదీసి కిందికి దించాడు, కుచ్చిళ్ళన్నీ మళ్ళీ కుట్టాడు. మిగిలిన గుడ్డను కత్తిరించకుండా లోపలికి మడిచాడు. ఆ మడత మీద పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి, పక్కన సుద్దతో నా చీటీలోని అంకె. మడత మీద నా వేళ్ళు ఆనించి చూశాను. సరిగ్గా మూడు.

కుట్టుకు ముందే గుడ్డనంతా తడిపి ఆరబెట్టడం ఆయన పద్ధతి, నా కళ్ళతో చూసిందే. అలాంటి గుడ్డ మళ్ళీ ఎలా కుంచించుకుపోతుంది? ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసే నేను ఆ ఒక్కటి అడగలేదు. ఆ జవాబు నాకు బాగుంది మరి.

ఖాకీది కూడా కిల్టేనని ఇప్పటికీ అంటాను. ఆ మాట వెనక్కి తీసుకోను, తీసుకుంటే ఆయనే నవ్వుతాడు. కాకపోతే జేబులున్నదైనా, పట్టీ ఉన్నదైనా, కొలతకు వచ్చిన ప్రతివాణ్ణీ మోకాళ్ళ మీద నిలబెడతాను. విసుక్కుంటే విసుక్కోనీ.

గోవా ఆయన కిల్టుకు బకిల్ జరిపి, లైనింగ్ చేత్తోనే కుట్టి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. ఉన్నికి ఆవిరి పడితే సూది రంధ్రాలు పూడిపోతాయి. నడుము దగ్గర ఆ మూడు వేళ్ళ మేర మాత్రం ఇస్త్రీపెట్టె ఆనించలేదు.