బురదలోకి దిగిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్

మొన్న బస్సులో త్రిపురారం దాటుతుంటే దమ్ము చేస్తున్న మడి వాసన కిటికీలోంచి గుప్పుమని కొట్టింది. కుళ్లిన ఆకు, డీజిలు పొగ కలిసిన వాసన. పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం సత్తయ్య గారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఎనభైల చివర్లో ఆయన మిర్యాలగూడలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు. ప్రమాదం జరిగిన బండిని చూసి తప్పు బండిదా, మనిషిదా అని తేల్చడం ఆయన పని. నేను కోదాడ నుంచి వచ్చి ఆయన కింద కొత్తగా చేరిన అసిస్టెంటును. చదువుకున్నానన్న పొగరు తప్ప నా దగ్గర మరేమీ లేదు.

ఆ నాట్ల కాలంలో ఒక ట్రాక్టరు వెనక్కి తిరగబడి, పొలంలో ఒంటరిగా దమ్ము చేస్తున్న డ్రైవరు దాని కింద నలిగి చనిపోయాడు. పేరు హర్యా, దామరచర్ల దగ్గరి తండా మనిషి. మేం వెళ్లేసరికి శవాన్ని దవాఖానకు తీసుకుపోయారు. ట్రాక్టరు మాత్రం వెల్లకిలా మడిలోనే ఉంది. గట్టు మీద ఖాళీ సారా సీసా ఒకటి పడి ఉంది. “తాగి నడిపిండు సార్, ఎన్నిసార్లు చెప్పినా ఇనలే” అన్నాడు ట్రాక్టరు యజమాని. హర్యా భార్య కాస్త దూరంలో నిలబడి “మా ఆయన తాగలే సార్” అన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంటోంది. తాగి నడిపాడని మేం రాస్తే ఆమెకు రావలసిన పరిహారం పోతుంది, పోయిన మనిషికి పేరూ మిగలదు. నేను అదేమీ ఆలోచించలేదు. దవాఖాన నుంచి పోస్టుమార్టం కాగితం రాకముందే, గట్టు మీద నిలబడే ‘మద్యం మత్తులో’ అని రాసేశాను.

సత్తయ్య గారు అది చదివి నా కాళ్ల వైపు చూశారు. “ఇంత దూరమొచ్చినవ్, బూట్లకు బురద గూడ అంటలే. గట్టు మీదికెల్లి ఏం కనబడ్డదయ్యా నీకు?” అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. యాభై దాటిన మనిషి ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి మడిలోకి దిగారు. వెనక చక్రాల మీద పేరుకున్న బురద ముద్దలను చేతులతో తీసేస్తే, రెండింటికీ అడ్డంగా మోకుతో కట్టిన తుమ్మదుంగ బయటపడింది. బండి దిగబడినప్పుడు ఇక్కడి డ్రైవర్లు అలా దుంగ కట్టి కదిలిస్తారు. చక్రాలు దాని మీదికెక్కి బయటపడతాయని వాళ్ల నమ్మకం. “ముడి సూడు. బురదనీళ్లల్ల, ఒక్కడే, రెండు దిక్కుల ఒక్క తీరుగ కట్టిండు. తాగినోని చేతులు గిట్ల కడ్తయా?” అన్నారు.

“దుంగ కడితే పల్టీ కొడ్తదా సార్? మేమందరం కడ్తం” అని యజమాని వాదించాడు. సత్తయ్య గారు ఇంకో ట్రాక్టరు తెప్పించి, అలాగే దుంగ కట్టించి, నేను వద్దంటున్నా వినకుండా తానే ఎక్కి కూర్చున్నారు. దుంగ బురదలో ఇరుక్కుంది, చక్రాలు ఆగిపోయాయి. చక్రాలు తిరగకపోయేసరికి ఇంజను బలానికి బండే తిరగబడబోయి, రెప్పపాటులో ముందు భాగం మూరెడు ఎత్తు లేచింది. ఆయన క్లచ్ తొక్కగానే ధబ్బున కిందపడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం దిగి చేతులు కడుక్కుంటూ, “ఇంకో మనిషుంటే గొలుసేసి లాగేటోళ్లు. నువ్వు ఒక్కణ్ణే పంపినవ్. అందరూ కడ్తరు, నిజమే. మీరు గిన్నొద్దులు బతికుండుడే వింత” అన్నారు. సీసా ఎవరిదో తేలనే లేదు. తరువాత దవాఖాన కాగితం కూడా హర్యా తాగలేదనే చెప్పింది. అంతటి మనిషిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

సత్తయ్య గారు రాసిన రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. పంపేముందు నన్ను వెంటబెట్టుకుని తండాకు వెళ్లారు. “సచ్చినోని మీద మనం రాసింది ఇంటోళ్లు ఇనాలె” అన్నారు. హర్యా ఇంటి ముందు నిలబడి తెలుగులో చదివారు: తాగిన ఆనవాలు లేదు, సాయం లేకుండా ఒంటరిగా పంపితే, దిగబడిన బండిని బయటికి తీయబోయి చనిపోయాడు. ఆమె ఏడవలేదు. “జర ఆగుండ్రి సార్” అని వెళ్లి, తాగి చచ్చాడని అనుకున్న ఇరుగుపొరుగునందరినీ పిలుచుకొచ్చింది. “ఇగ మల్ల సదువుండ్రి” అంది. ఆయన మొదటి నుంచి మళ్లీ చదివారు, ఈసారి గట్టిగా.

ఆ తరువాత నేనూ ఏళ్ల తరబడి అలాంటి రిపోర్టులు రాశాను. సంతకం పెట్టేముందు, దీన్ని ఆ ఇంటి ముందు నిలబడి చదవగలనా అని నన్ను నేను ప్రశ్నించుకునేవాణ్ని. చాలాసార్లు చింపి మళ్లీ రాశాను. రెండింటి మీద మాత్రం, చదవలేనని తెలిసీ, పైవాళ్ల ఒత్తిడికి సంతకం చేశాను. ఆ రెండు ఇళ్లున్న దారిన నేను ఇప్పటికీ వెళ్లను.