గోదావరిలో మునగని సరంగు

2002 వేసవిలో నేను రాజమండ్రిలో ఒక డైలీ సీరియల్‌కి స్క్రిప్టు పని చూస్తున్నాను. దానవాయిపేటలో ఒక డాబా మీది గది మా ఆఫీసు. రేకుల కప్పు, ఒక ఫ్యాక్స్ మిషను, సగం తాగి వదిలేసిన టీ గ్లాసులు. అంతకు ముందు పన్నెండేళ్ళు ట్యుటోరియల్ కాలేజీలో తెలుగు చెప్పాను. పాత నవలలు బాగా చదివినవాణ్ణని ఎవరో చెబితే మా డైరెక్టర్ ఈ పనిలోకి పిలిచాడు.

నవలని సీరియల్‌గా మార్చడం బయటివాళ్ళు అనుకునేంత సరదా పని కాదు. ముందు కథంతా సీన్ల వరసగా, ఒక్కో సీన్‌కి ఒక్కో వాక్యం చొప్పున రాసుకోవాలి. దాన్ని వన్‌లైన్ ఆర్డర్ అంటాం. ఆర్టిస్టుల డేట్లు, ఇళ్ళు, పడవలు, చీరలు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ప్రసారానికి ముందే తీసి ఉంచుకునే ఎపిసోడ్లని బ్యాంక్ అంటారు. మా బ్యాంక్‌లో ఎప్పుడూ నాలుగుకి మించి ఉండేవి కావు. నవలలో నాయిక కిటికీ దగ్గర నిలబడి అరపేజీ ఆలోచిస్తుంది. ఆలోచన కెమెరాకి కనపడదు కాబట్టి ఆ మాటలు పనిమనిషితో చెప్పించేవాళ్ళం. ఆ పనిమనిషి నవలలో లేదు. అలాంటివి రాసీ రాసీ నాకు విసుగొచ్చేసింది.

మేం తీస్తున్న నవల అరవైలలో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ జరిగేది స్వాతంత్ర్యానికి ముందు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక మోతుబరి రైతు కూతురు, పదిహేనేళ్ళకే భర్త పోయిన అమ్మాయి, లాంచీ నడిపే సరంగుని ఇష్టపడుతుంది. అతనిది చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. చివరి అధ్యాయంలో సరంగు వరదలో మునిగి చనిపోతాడు. మా అమ్మ ఆ అధ్యాయం చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. రచయిత్రి సుభద్ర గారు రిటైరైన టీచరు. ధవళేశ్వరంలో ఒంటరిగా ఉండేవారు.

జూన్ మొదట్లో ఛానెల్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. హీరో చావకూడదు. నాయిక తండ్రి మనసు మార్చుకుని ఇద్దరికీ ఘనంగా పెళ్ళి చెయ్యాలి. పెళ్ళి అయిదు ఎపిసోడ్లు నడవాలి.

పనిమనిషి దాకా ఓర్చుకున్నాను. ఇది ఓర్చుకోలేకపోయాను. "ఆ చావు తీసేస్తే నవలే లేదండి," అన్నాను డైరెక్టర్‌తో.

ఆయన మంచివాడే, బాగా అలిసిపోయి ఉన్నాడు. "సూర్యారావు గారూ, నేను వాళ్ళతో పోట్లాడలేను. రచయిత్రి ఒప్పుకోవడం లేదని ఒక కాగితం పట్టుకురండి. అది చూపించి చెప్తాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ధవళేశ్వరం వెళ్ళాను. సుభద్ర గారు వరండాలో చింతపండు పిక్కలు తీస్తున్నారు. వచ్చిన పని చెప్పి, ఉత్తరం నేనే రాసి తెచ్చాను, సంతకం పెడితే చాలన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి ఉత్తరం రెండుసార్లు చదివారు. మడిచి నాకే ఇచ్చేశారు.

"నేను సంతకం పెట్టలేనండి."

"అంటే ఆ పెళ్ళి మీకు ఇష్టమేనా?"

"ఆ పెళ్ళీ ఇష్టం లేదు. కానీ అతన్ని నేను చంపలేదండి. పత్రిక వాళ్ళు చంపారు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. నవల చివరి భాగం పత్రికలో అచ్చయ్యాకే ఆవిడకీ తెలిసిందట. మోతుబరి ఇంటి విధవ పిల్ల సరంగుతో వెళ్ళిపోయినట్టు వేస్తే చదివేవాళ్ళు ఊరుకోరని సంపాదకుడు ఆ భాగం తీసేసి, వరద రాయించాడు. పుస్తకంగా వచ్చినప్పుడూ అదే వేశారు.

"మీరు అడగలేదా?"

"అప్పుడు నాకు ఇరవై తొమ్మిదండి. మొదటి నవల. జనం ఏడ్చారు, ఉత్తరాలు రాశారు, పేరొచ్చింది. నేనూ నోరు మూసుకున్నాను. అది మా పిన్ని కథ. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. ఇల్లు వదిలి వెళ్ళింది. ఆయనకేమీ కాలేదు. మొగల్తూరు దగ్గర నలభై ఏళ్ళు కాపరం చేశారు. పుట్టింటివాళ్ళలో మా అమ్మా నేనూ మాత్రమే చాటుగా వెళ్ళొచ్చేవాళ్ళం. పత్రిక చూసి పిన్ని కార్డు రాసింది. బతికున్న మనిషిని గోదాట్లో ముంచావు, ఇంక మా గడప తొక్కకు, అని. ఆయన పోయినప్పుడు కూడా నాకు కబురు పెట్టలేదు."

పిన్ని సీతమ్మ గారికి అప్పటికి ఎనభై మూడేళ్ళు. మొగల్తూరులో కూతురు పార్వతి దగ్గర ఉంటున్నారు. మా సీరియల్ రోజూ చూస్తున్నారని పార్వతి ఫోన్లో చెప్పిందట. ఏమీ అనరట, చూసి లేచి వెళ్ళిపోతారట.

సుభద్ర గారు లోపలికెళ్ళి ఆరు కాగితాలు తెచ్చారు. అంచులు పొడిబారి విరుగుతున్నాయి. పెద్దగా ఏమీ లేదు అందులో. తెల్లవారుతుండగా ఆ అమ్మాయి ఒక్కతే రేవుకి వస్తుంది. టిక్కెట్టు కొని లాంచీ ఎక్కి ఆడవాళ్ళ బల్ల మీద కూర్చుంటుంది. రేవు వదిలాక సరంగు వెనక్కి తిరిగి చూస్తాడు. నరసాపురంలో ఇద్దరూ దిగుతారు. అంతే.

"పిన్ని ఉండగానే ఇది సీరియల్లో చూపించగలరా?" అని అడిగారు.

తిరుగు బస్సులో ఆ ఉత్తరం నా జేబులోనే ఉంది. ఎవరి తరఫున పోట్లాడదామని బయల్దేరానో వాళ్ళకే అది అక్కర్లేదు. పన్నెండేళ్ళు పిల్లలకి సాహిత్యం గొప్పదనానికి ఉదాహరణగా చెప్పిన చావు ఒక సంపాదకుడి భయమని తెలిసి, ఆ రోజంతా ఏమీ రాయలేకపోయాను.

డైరెక్టర్ ఆరు కాగితాలూ చదివాడు. "వాళ్ళు పెళ్ళి అడిగారు, ఇందులో తాళి కూడా లేదు," అన్నాడు. తర్వాత ఆయనే, "హీరో బతికే ఉన్నాడు కదా. ఇలాగే షూట్ చేసేద్దాం. అడిగితే పెళ్ళి తర్వాతి ఎపిసోడ్లలో వస్తుందని చెప్దాం," అన్నాడు. ధవళేశ్వరం దగ్గర పాత లాంచీ ఒకటి దొరికింది. దూరాన కరెంటు స్తంభాలు కెమెరాలో పడకుండా కొబ్బరి మట్టలు అడ్డం పెట్టి, ఒక్క పొద్దుటిపూటలో అంతా తీశాం. నేను ఒక్క మాట కూడా కలపలేదు. పనిమనిషిని రానివ్వలేదు.

అది ప్రసారం కాలేదు. ఆ వారమే ఛానెల్ మా స్లాట్‌ని, అంటే మాకిచ్చిన అరగంటని, వేరే కార్యక్రమానికి ఇచ్చేసింది. మాకు ఫ్యాక్స్ కూడా రాలేదు, ఫోన్లో చెప్పారు. నాయిక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్న దగ్గర సీరియల్ ఆగిపోయింది. నవల చదివినవాళ్ళు సరంగు మునిగిపోయి ఉంటాడనే అనుకున్నారు.

సుభద్ర గారికి ఈ సంగతి చెప్పడానికి రెండు రోజులు వెనకాడాను. చెప్పాక ఆవిడ కోప్పడలేదు. "పిన్ని రోజూ ఆ టైముకి టీవీ పెట్టించుకుంటోందటండి," అన్నారు, అంతే.

ఎడిటర్ని బతిమాలి ఆ లాంచీ సీన్లు వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీదకి ఎక్కించుకున్నాను. తీసిన టేపులన్నీ ఛానెల్ సొత్తు, అలా చెయ్యకూడదు. అయినా చేశాను. ఆదివారం సుభద్ర గారూ నేనూ బస్సుల్లో మొగల్తూరు వెళ్ళాం. దారిలో నరసాపురంలో ఒక వీడియో షాపులో వీసీఆర్ అద్దెకి తీసుకున్నాను. ఆవిడ దారి పొడుగునా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

పార్వతి గుమ్మంలోకి వచ్చి లోపలికి రమ్మంది. సీతమ్మ గారు కుర్చీలో ఉన్నారు. సన్నటి మనిషి. నా వైపు చూశారు గానీ సుభద్ర గారి వైపు చూడలేదు. సుభద్ర గారు గడప దాటకుండా అక్కడే నిలబడిపోయారు. నేను వైర్లు కలిపి క్యాసెట్ పెట్టాను.

మొత్తం తొమ్మిది నిమిషాలు. సీతమ్మ గారు కదలకుండా చూశారు. సరంగు వెనక్కి తిరిగిన చోట, "ఆయన ఇంత తెల్లగా ఉండేవారు కాదు," అన్నారు. అయిపోయాక నన్నే అడిగారు. "టిక్కెట్టు నేను కొన్నట్టు పెట్టారేంటి?"

నేను సుభద్ర గారి వైపు చూశాను. ఆవిడ గుమ్మంలోంచే, "నువ్వే కొన్నావని అమ్మ చెప్పింది పిన్నీ," అన్నారు.

"మీ అమ్మ రేవుకొచ్చిందా ఏంటి? ఆయనే తీశారు. ఊరికే ఎక్కించుకున్నాడని ఎవరూ అనకూడదని ముందు రోజే ఆ డబ్బు తన జీతంలోంచి తీసి ఉంచారు."

"నాకు తెలీదు పిన్నీ."

"నీకెలా తెలుస్తుంది? నువ్వప్పుడు పాలు తాగుతున్నావు."

టీవీలో చుక్కలు గీతలు వస్తుంటే పార్వతి లేచి ఆపబోయింది. "ఉండు, మళ్ళీ మొదటి నుంచి పెట్టమను," అన్నారు సీతమ్మ గారు. అప్పుడు మొదటిసారి సుభద్ర గారి వైపు తిరిగి అన్నారు. "అక్కడ నిలబడ్డావేం? లోపలికొచ్చి కూర్చో. అన్నం తిని వెళ్దురుగాని."

సుభద్ర గారు వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. ఇద్దరూ ఆ తొమ్మిది నిమిషాలూ మూడుసార్లు చూశారు. క్యాసెట్ అక్కడే వదిలి వచ్చాం. అసలు టేపుల మీద తర్వాత ఇంకేదో రికార్డు చేశారని విన్నాను.

ఆ తర్వాత ఇంకో మూడు పాత నవలలకి పనిచేశాను. మూడింటికీ ముగింపు మార్చమన్నారు. రెండింటికి మార్చాను. పోట్లాడే ముందు ఎవరి కోసం పోట్లాడుతున్నానో కనుక్కోవడం మాత్రం అలవాటైంది. అసలేం జరిగిందో చెప్పేవాళ్ళు సాధారణంగా మిగిలి ఉండరు. అప్పుడు అచ్చులో ఉన్నదే రాస్తాను. జరిగింది అదేనని మాత్రం ఎవరితోనూ వాదించను.